దేవదారు పెట్టె

మందరగిరి భారమును వీపున నిలిపిన ఆదికూర్మమునకు నమస్కరించి, ఆ జాతి ప్రాణి ఒకదానికి నా చేత జరిగిన అపచారమును దాచక వ్రాయుచున్నాను. తారణ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ సప్తమి. ఆనాడు వడమాలపేటలోని మా యింట తాబేలుకు కొత్త పెట్టె అమరింది.

ఆ మెట్టతాబేలు మా ఆవిడది. మామిడితోటలో పాదులు తవ్వుతుండగా పెంకు చిట్లి దొరికితే, ఇంటికి తెచ్చి పసుపు అద్ది బ్రతికించుకున్నది. తొమ్మిదేండ్లుగా ఆమె గాజుల చప్పుడు వింటే చాలు, మెడ సాచి వచ్చేది. అది పడుకొనే మట్టితొట్టి పగిలినందున, పెట్టె చేయించే పని నాకు ఒప్పగించింది.

మా వీధి వడ్రంగి రెండు రకాల చెక్కలు చూపించాడు.

“దీనికి మామిడి చెక్క చాలు అయ్యోరా. అడుగున మట్టి పోయండి. దేవదారుకు సెదలు రావు, నిజమే. కానీ చిత్రిక పడతా ఉంటే మాకే కండ్లు మండతాయి.”

నేను చెదలు రావన్న మాటే విన్నాను. దేవదారు! కావ్యాలలో హిమవంతుని చరియలపై తప్ప నేనెన్నడూ చూడని వృక్షం. నలభై ఏండ్లు తరగతి గదిలో ఆ పదానికి వ్యుత్పత్తి చెప్పినవాణ్ణి.

“దేవతల కట్టెకు దోషమేముంటుందప్పా?” అన్నాను.

“దేవుళ్లకు కండ్లు మండవేమో సామీ. మీ ఇష్టం,” అని నవ్వాడు.

మూతతో సహా పెట్టె చేయించి, అడుగున ఆ చెక్క పొట్టునే బెత్తెడు మందాన పరిపించాను. ఇల్లంతా పరిమళించింది. మా ఆవిడ ముక్కు చిట్లించింది.

“ఇంత గాటుగా ఉండాదే, దానికి పడతాదా?”

“పూజామందిరం వలె ఉన్నది,” అన్నాను నేను.

ద్వాదశి నాటికి తాబేలు మేత మానింది. త్రయోదశి ఉదయం ఆమె కేక విని పరుగెత్తాను.

“ఏమండీ, గాజులు ఆడించినా తల ఎత్తలేదు! ఈ కండ్లు చూడండి!”

రెండు కండ్లూ వాచి మూసుకుపోయాయి. ముక్కున నురుగు. ఊపిరి కోసం నోరు తెరిచి మెడను పైకి లాగుతున్నది.

తువాలులో చుట్టుకొని తిరుపతి బస్సెక్కాము. పశువైద్యురాలు పెంకుకు అంటిన పొట్టును వేళ్లతో నలిపి వాసన చూసింది.

“ఇది ఎవరేసినారు సార్?”

“నేనే. చెదలు కూడా చేరని మేలురకం.”

“ఎందుకు చేరతాయి సార్? ఈ ఘాటుకు చచ్చిపోతాయి. మనమైతే వాకిట్లోకి పోయి గాలి పీల్చుకుంటాం. దీని ముక్కు పగలూ రాత్రీ ఈ పొట్టులోనే గదా. పైగా మూత ఒకటి!”

ఏ గుణాన్ని మెచ్చి ఆ చెక్కను ఎంచానో, ఆ గుణమే దాని ఊపిరి తీస్తున్నది. కండ్లు మండతాయని వడ్రంగి అన్న మాట అప్పుడు, ఆ గదిలో, నా చెవిన పడింది. వైద్యురాలు ఇచ్చిన కంటి చుక్కల మందు జేబులో వేసుకున్నాను.

తిరుగు బస్సులో మా ఆవిడ తువాలు మూట మీదినుండి చూపు తిప్పకుండా అడిగింది.

“మీరు చెక్క తెచ్చేదానికి పోయినారా, పాఠం చెప్పేదానికి పోయినారా?”

బస్సు దిగగానే వడ్రంగి ఇంటికి నడిచాను.

మరునాడే వడ్రంగి మామిడి చెక్కతో, రంగూ వార్నిషూ పూయకుండా, మూతకు బదులు వల బిగించి వేరొక పెట్టె చేశాడు. అడుగున మట్టి పోశాము.

వైశాఖ బహుళ నవమి నాడు తాబేలు తోటకూర కొరికింది. కుడికన్ను మళ్లీ తెరుచుకోలేదు.