పళ్లెంలో పోసిన గోలీలు

2023, ఎండాకాలం. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సారుకు ఆ ఇంట్లో నేను ఏడు నెలలు పగటి డ్యూటీ చేశాను. నా పనిని అటెండెంట్ అంటారు. మంచం పట్టిన మనిషిని కడగాలి, వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలి, తినిపించాలి, వేళకు మందులు వేయాలి. మా ఆయన పోయిన ఏడాదే ఈ పనిలోకి వచ్చాను. నా చదువు సంతకం వరకే. ఇది కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

చదువు రానిదానివి మందులెలా ఇస్తావని చాలామంది అడుగుతారు. గోలీ రంగు చూస్తాను. గుండ్రమా, పొడుగా చూస్తాను. మధ్యలో గీత ఉందేమో గోటితో తడుముతాను. పొద్దుటి మందుల కవరు మీద నర్సు సూర్యుడి బొమ్మ వేసేది, రాత్రి మందుల మీద చంద్రుడి బొమ్మ. ఏడు నెలల్లో ఒక్క గోలీ తప్పలేదు. ఆ సంగతి నేను అందరికీ చెప్పుకునేదాన్ని కూడా.

సారుకు క్యాన్సర్. ఎముకల్లోకి పాకింది. చివరి రెండు నెలలు మార్ఫిన్ గోలీల మీదే గడిచాయి. అవి ప్రతి మందుల దుకాణంలో దొరికేవి కావు. జబ్బు నయం కాదని తెలిశాక నొప్పయినా తగ్గించి చూసుకునే సెంటర్లు ఉంటాయి, పాలియేటివ్ కేర్ అంటారు. ఆ సెంటర్ నుంచి నర్సు గ్రేసమ్మ సిస్టర్ స్కూటీ మీద తెచ్చి ఇచ్చేది. ఎన్ని ఇచ్చిందో, ఎన్ని వాడామో ఒక్కొక్కటీ రిజిస్టర్‌లో రాసుకునేది. ఆ గోలీ పేరు చివర ఎస్.ఆర్. అని ఉంటుందట. అంటే కడుపులో ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి మెల్లగా కరుగుతుంది. విరవకూడదు, నమలకూడదు.

సారు పోయిన రోజు సిస్టర్ ఫోన్ చేసింది. "అంజమ్మా, మిగిలిన మార్ఫిన్ గోలీలు పక్కకు తీసి దాచు. దినాలైనంక వచ్చి తీస్కపోత" అంది. సరే అన్నాను. శవాన్ని పంపే హడావిడిలో ఆ మాట ఎటు పోయిందో! గోలీలు డబ్బాలోనే ఉండిపోయాయి.

పదకొండో దినం భోజనాలయ్యాయి. సారు బట్టలు వాచ్‌మన్‌కు ఇచ్చారు, గొడుగు ఎవరో తీసుకున్నారు. అప్పుడు సారు భార్య సుశీలమ్మ మందుల డబ్బా తెచ్చి స్టీలు పళ్లెంలో బోర్లించింది.

"వేలు పోసి కొన్నయి. పారేస్తే పాపం తగుల్తది. ఎవరికి పనికొస్తే వాళ్లు తీస్కపోండ్రి" అంది.

చుట్టాలు పళ్లెం చుట్టూ చేరారు. చిక్కుడుకాయలు ఏరినట్టు ఏరుతున్నారు. అందరూ చదువుకున్నవాళ్లే. కానీ ఆ సన్న అక్షరాలు ఎవరు చూస్తారు? నన్నే పిలిచారు.

"అంజమ్మా, ఇది దేనికి?"

"గ్యాస్‌కు. పరగడుపున ఏసుకోవాలె."

"మరి గీ ఎర్రది?"

"రక్తం పట్టనీకి. తిన్నంక."

"అబ్బో, డాక్టరమ్మా! జెర నాకో చిట్టీ రాసియ్యి!" అని ఒకాయన అనగానే అందరూ నవ్వారు. ఎవరో నాకు కుర్చీ జరిపారు. ఆ ఇంట్లో ఏడు నెలలూ నేను వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చున్నదాన్ని. ఆ కుర్చీ నా తలకెక్కింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సారు అక్క కాప్రా నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు వంగవు. అందరం పెద్దమ్మా అనేవాళ్లం. మంచం మీద నుంచే ఒక గోలీల షీటు ఎత్తి చూపించింది.

"గిదేందే?"

"నొప్పికి పెద్దమ్మా. గది ఏస్తే సారు చంటిపోరని లెక్క పండుకుంటుండె."

పెద్దమ్మ ఆ షీటును కొంగున ముడేసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

మరునాడు పొద్దున గ్రేసమ్మ సిస్టర్ రిజిస్టర్ పట్టుకుని వచ్చింది. పుస్తకంలో పద్నాలుగు మిగలాలి, డబ్బాలో నాలుగే ఉన్నాయి. ఒక నిండు షీటు లేదు. జరిగింది చెప్పాను. సిస్టర్ ఒకటే అడిగింది.

"ఆమెకు దమ్మేమన్న ఉందా?"

"ఉంది సిస్టర్. ఆయాసానికి పంపు పీల్చుకుంటది."

సిస్టర్ రిజిస్టర్ మూసేసింది. వెంటనే నాతో కాప్రాకు ఫోన్ చేయించింది. పెద్దమ్మ కోడలు సునీత ఎత్తింది.

"అత్తమ్మనా? ఇంకా పండుకునే ఉంది. రాత్రంత ఒక్కపాలి సుత దగ్గలే అక్కా! పొద్దుగాల లేపి ఇంకోటి ఏసిన. మస్తు మందు చెప్పినవు పో!"

సిస్టర్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "లేపి కూర్చోబెట్టమ్మా. ఇంకోటి ఇయ్యకు. 108కు ఫోన్ చెయ్యి" అంది.

"పండుకున్న మనిషికి అంబులెన్స్ ఏందండీ?" అని అవతల సునీత నవ్వుతోంది.

సిస్టర్ తనే 108కు ఫోన్ చేసి అడ్రసు చెప్పింది. ఇద్దరం స్కూటీ మీద బయలుదేరాం. దారిలో నాకు అర్థమయ్యేలా చెప్పింది. సారుకు ఆ మందు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు, ఒళ్లు అలవాటు పడింది. ఎన్నడూ వేసుకోని మనిషికి, అందులో దమ్మున్న మనిషికి, అదే గోలీ ఊపిరిని మందగించేస్తుంది. దగ్గు రాకపోవడం బాగుపడటం కాదు, లోపల అన్నీ మత్తులోకి జారుతున్నాయి. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

మేం వెళ్లేసరికి అంబులెన్స్ ఇంకా రాలేదు. పెద్దమ్మ దిండుకు ఆనుకుని ఉంది, గదవ ఛాతీ మీదికి వాలిపోయింది. సిస్టర్ రెప్పలెత్తి చూసింది. కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ఎనిమిది. పన్నెండుకు తగ్గకూడదట.

"పిలువు అంజమ్మా. నిద్రపోనియ్యకు. పలికినన్ని సార్లు ఊపిరి తీస్కుంటది" అంది.

నా గొంతు మొరటు గొంతు. జబ్బు మనుషుల దగ్గర మెల్లగా మాట్లాడమని ప్రతి ఇంట్లో నన్ను తిట్టినవాళ్లే. ఆ రోజు వీధి చివరి దాకా వినిపించేలా అరిచాను.

"పెద్దమ్మా! కండ్లు తెరువు! గాలి పీల్చు! ఇగో, నా దిక్కు చూడు!"

కళ్లు తెరిచింది. "తమ్ముడొచ్చిండా?" అంది.

"వచ్చిండు గని నువ్వు పోవద్దు. పీల్చు! ఇంకోపాలి!"

అరికాళ్లు రుద్దాను, చెంప తట్టాను, పేరు పెట్టి పిలిచాను. ఆపితే జారిపోయేది, అరిస్తే ఒక ఊపిరి తీసేది. ఎంతసేపో చెప్పలేను. అంబులెన్స్ వాళ్లు వచ్చి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. సిస్టర్ వాళ్లతో పాటు ఎక్కింది. ఆస్పత్రిలో విరుగుడు సూది ఇచ్చారు. గోలీ లోపల ఇంకా కరుగుతూనే ఉంటుంది కాబట్టి సూది పని అయిపోగానే మత్తు మళ్లీ కమ్ముతుందని రెండు రోజులు కనిపెట్టుకుని ఉంచారు.

మిగిలిన గోలీలు ఒక్కటి కూడా వదలకుండా తెమ్మని సిస్టర్ నాకు చెప్పి వెళ్లింది. అడిగేసరికి సునీత నా మీద విరుచుకుపడింది.

"ఇచ్చింది నువ్వే, గుంజుకునేది నువ్వే! తీస్కపోయి అమ్ముకుంటవా ఏంది? మంచిగ పండుకుంటరని నువ్వే గద అన్నది!"

"నేనే అన్న" అన్నాను. "నాకు చదువు రాదమ్మా. రంగు చూసి చెప్పిన. కుర్చీ ఏసి అడిగితే పెద్ద తెలిసినదాని లెక్క చెప్పిన. తప్పు నాదే."

ఆ పిల్ల గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

"నాకు చదువొస్తది గద అక్కా. నేను సుత చదవలే."

పెద్దమ్మ దిండు కింద షీటు దొరికింది. ఏడు ఉన్నాయి. పెద్దమ్మ మింగినవి రెండు. మరి పదోది? సునీత తలొంచుకుని దేవుడి పటం వెనక నుంచి తీసిచ్చింది. మొగుడికి నడుంనొప్పని దాచిందట, ఆ రాత్రి వేద్దామని.

పెద్దమ్మ ఇంటికొచ్చాక ఒక పూట సిస్టర్, సుశీలమ్మ, నేను కూర్చుని మిగతా మందుల సంగతి చూశాం. చుట్టాలందరికీ ఫోన్లు చేసి పట్టుకుపోయినవి వాడొద్దని, తిరిగిచ్చేయమని సుశీలమ్మే చెప్పింది. మార్ఫిన్ పన్నెండూ లెక్క చూసి సెంటర్‌కు వెళ్లిపోయాయి, రిజిస్టర్‌లో సుశీలమ్మ సంతకం పెట్టింది. తక్కిన గోలీలను షీట్లలోంచి వొలిచి, చాయ్ వడగట్టాక మిగిలిన చాయపత్తాలో కలిపి, పాల ప్యాకెట్లో పోసి బిగించి కట్టాం. చెత్త వెతికే మనిషి గానీ కుక్క గానీ ముట్టకుండా అలా చేయాలట. చెత్తబండి వాళ్లకు అది వేరే సంచిలో ఇచ్చాం. కవర్ల మీద, సీసాల మీద సారు పేరు ఉన్నచోట నల్లగా గీకేశాం. సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి సిస్టర్ తన సంచిలో పెట్టుకుంది. జ్వరం మందు సీసా నేను మోరీలో పోయబోతే సిస్టర్ చేయి పట్టుకుంది.

"మోరీల పోస్తే ఏడికి పోతది? చెరువుకే గద. గా నీళ్లల్ల చేపలున్నయి" అంది. ఆ మందు కూడా చాయపత్తాలోకే పోయింది.

నెల తర్వాత బత్తాయిలు పట్టుకుని కాప్రాకు వెళ్లాను. పెద్దమ్మ తిడుతుందనే అనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుంది.

"పన్నెండేండ్లయింది అంజమ్మా. గా ఒక్క రాత్రి నాకు మోకాళ్లున్నయనే యాదికి రాలే. నేనేమో చావుకాడికి పోయిన్నంటరు. నాకైతే హాయిగుండె. ఏం చెయ్యమంటవు?"

ఆమె చేతిలోంచి గోలీలు తీసేసుకున్నాం, నొప్పి మాత్రం ఆమె దగ్గరే వదిలేసి వచ్చాం. అదే మాట సిస్టర్‌తో అన్నాను. సిస్టర్ ఆమెను డాక్టర్‌కు చూపించింది. దమ్ముకు సరిపడే మందు ఆమె పేరు మీదే రాశారు, మోకాళ్లకు పట్టీలు ఇచ్చారు, కుర్చీలో కూర్చుని కాళ్లు చాపే కసరత్తు నేర్పారు. నొప్పి మొత్తం పోలేదు. మెట్లు దిగి వాకిట్లోకి వస్తోందట, అంతవరకు నయం.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి మారింది. మనిషి పోయిన ఇంట్లో, చుట్టాలు రాకముందే, నొప్పి గోలీలు లెక్కపెట్టి సిస్టర్ చేతిలో పెట్టేదాకా నేను కదలను. మిగతావి ఇంటివాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్ల చేతులతోనే పారేయిస్తాను. అయినా ఎవరో ఒకరు చేయి చాపుతూనే ఉంటారు. పాపమనీ, ఖరీదనీ అంటారు. వాళ్లతో నేను వాదించను. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అని అడుగుతాను. చాలామంది అప్పుడు గోలీ కింద పెట్టేసి నొప్పి సంగతి చెప్పడం మొదలుపెడతారు. అంతా విని, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలో సిస్టర్‌ను అడిగి వాళ్లకు చెబుతాను.