ఎర్రచుక్క గ్లాసు

మొన్న సాయంత్రం ఎదురు ఫ్లాటు ఆవిడ మా ఇంటికి వచ్చి, కూర్చోకముందే గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. వాళ్ళింట్లో వంట చేసే అమ్మాయికి టీబీ అని తేలిందట. రెండు నెలలుగా మందులు మింగుతోందట, మళ్ళీ పరీక్ష చేసి ఇక పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరు కూడా చెప్పాడట. మానిపించడానికి తనకు మనసు రావడం లేదని, ఆ అమ్మాయి చేసే రసం తన భర్తకు ప్రాణమని చెప్పి, చివరికి అసలు విషయానికి వచ్చింది. "కానీ గ్లాసు మాత్రం వేరే పెట్టాలి కదండీ?" అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. వీధి కుక్కలకు కూడా వేళ తప్పకుండా అన్నం పెట్టే ఇల్లాలు. అయినా ఆ "కదండీ" వినగానే నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి, పై అరలో వెనక్కి ఉన్న ఒక పాత స్టీలు గ్లాసు తీసి, అందులోనే ఆవిడకు కాఫీ కలిపాను. ఎందుకలా చేశానో తెలియాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

మా ఇల్లు తిరుపతిలో కోవెల వెనక వీధిలో ఉండేది. పెదనాయన కోవెల ఆఫీసులో గుమాస్తా, మా నాయన బడిపంతులు. ఇద్దరి కుటుంబాలూ ఒకే ఇంట్లో, మా అవ్వ పాలనలో బతికేవి. పాలన అని ఊరికే అనడం లేదు. అవ్వ తెల్లవారుజామున మడి కట్టుకుందంటే మధ్యాహ్నం దాకా ఆమెకు మూరెడు దూరంలో మనిషి నీడ కూడా నడవడానికి లేదు. అన్నిటికన్నా పెద్ద చట్టం ఎంగిలి. మా ఇంట్లో నీళ్ళయినా, మజ్జిగయినా, పొగలు కక్కే కాఫీ అయినా గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకోవాలి. నాకు నాలుగేళ్ళప్పుడే ఈ విద్య వచ్చేసింది, గౌను ముందుభాగం తడిసిన సందర్భాలను లెక్కలోకి తీసుకోకపోతే. పొరపాటున గ్లాసు అంచు కరుచుకుని తాగే చుట్టం ఎవరైనా వస్తే, వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపే ఆ గ్లాసును చింతపండు పెట్టి తోమించేది అవ్వ. ఎంగిలి లేని ఇంటికి రోగం రాదని ఆమె నమ్మకం. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ఆ ఇంటివాళ్ళు ఏం కలిపి తాగారో ఆరా తీసేది.

మా పెద్దమ్మది పూతలపట్టు. పుట్టిల్లు సరిగ్గా రోడ్డు కూడలిలో ఉండడం వల్ల బస్సుల హారన్ల మీదుగా మాట్లాడి పెరిగిన గొంతు. ఆమె గుసగుసగా చెప్పిన రహస్యం కూడా పక్కింటి పెరట్లోకి వినబడేది. వంటలో మాత్రం ఆమెకు ఎదురు లేదు. భాద్రపదం, ఆశ్వయుజం కలిసే పెరటాసి నెలలో మూడో శనివారం మా ఇంట్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేసేవాళ్ళం. అరిటాకు నిండా అన్నం, పులిహోర, వడలు, చక్కెర పొంగలి రాశులుగా పోసి, నైవేద్యం పెట్టి, ఆ తరువాత బంధువులందరినీ పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ ఆ వంటా వడ్డనా పెద్దమ్మవే. అవ్వ ఆమెను ఎన్నడూ నోరారా మెచ్చుకోలేదు కానీ, ఆ ఒక్కరోజు మాత్రం ఏ వంకా పెట్టేది కాదు. పెద్దమ్మకు అదే పెద్ద బిరుదు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. ధనుర్మాసంలో చన్నీళ్ళ స్నానాల వల్లేనని తేల్చి, అవ్వ మిరియాల కషాయం మొదలుపెట్టింది. ధనుర్మాసం పోయింది, దగ్గు పోలేదు. సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడేది, రవికలు వదులయ్యాయి, ఆ గొంతు కాస్తా గచ్చు మీద చీపురు గీసినట్టు తయారయింది. ఉగాది వెళ్ళాక గళ్ళలో నెత్తురు చార కనిపించేసరికి పెదనాయన భయపడి, నన్ను తోడు తీసుకుని ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. గళ్ళ పరీక్ష చేశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. టీబీ అన్నారు.

పెద్దమ్మ ఏడవలేదు. డాక్టరమ్మతో పోట్లాటకు దిగింది. "మా ఇంట్లో ఒకరి ఎంగిలి ఒకరు ముట్టము తల్లీ. గ్లాసు కూడా పెదవికి తగలనీము. మాకు యాడ నుంచి వచ్చిండాది ఇది?" అని అడిగింది. ఆ డాక్టరమ్మ వయసులో చిన్నది, కానీ మాటకారి. "గ్లాసు ఎత్తి తాగతారు, సరే. మరి గాలి? దాన్ని కూడా ఎత్తి పీలుస్తారా?" అంది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించి పగలబడి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. డాక్టరమ్మ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకోమని, ఆ పైన నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఊపిరితిత్తుల్లో ఈ జబ్బు ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా క్రిములు గాలిలో కలుస్తాయట. తలుపులు మూసిన గదిలో వాళ్ళతో ఎక్కువసేపు గడిపినవాళ్ళు ఆ గాలిని పీలుస్తారట. కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల, చెయ్యి తగలడం వల్ల రాదట. పీల్చిన ప్రతివాళ్ళకూ జబ్బు చెయ్యదట, ఏళ్ళ తరబడి ఒంట్లో నిద్రపోయి, బలం తగ్గినప్పుడు లేస్తుందట. కాబట్టి ఎవరిచ్చారో వెతకడం మాని, ఆరు నెలలు మాత్రలు మానకుండా మింగమంది. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలని కూడా చెప్పింది.

మేము ఇల్లు చేరేలోపే అవ్వకు కబురు అందింది. వెనక వైపు చీకటి గది ఖాళీ చేయించి, జబ్బు మనిషికి గాలి తగలకూడదని కిటికీ రెక్కలు బిగించి, గుమ్మానికి దుప్పటి వేలాడదీసింది. అంటే ఏ దారిన జబ్బు వస్తుందో ఆ దారిని పదిలంగా మూటకట్టి, ఏ దారిన రాదో అక్కడ కాపలా పెట్టిందన్నమాట. ఆ కాపలాకు ఒక గుర్తు కావాలి కదా. అవ్వ నా దగ్గరికి వచ్చి, నేను బీరువాలో చీరల కింద దాచుకున్న ఎర్ర గోళ్ళరంగు సీసా అడిగింది. ఆడపిల్ల గోళ్ళకు రంగు వేస్తే ఇంటికి అరిష్టమని నన్ను తిట్టిన మనిషికి ఆ సీసా ఎక్కడుందో అంత కచ్చితంగా ఎలా తెలుసో నాకు ఈనాటికీ తెలియదు. ఒక కంచం, ఒక గ్లాసు వెనక తిప్పి, అడుగున తలా ఒక ఎర్రచుక్క పెట్టింది. అవి పెద్దమ్మవి. వేరే తోమాలి, వేరే బోర్లించాలి, వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. పెద్దమ్మ కూడా.

పెద్దమ్మ ఆ కంచం చూసింది, గది చూసింది. ముందు పచ్చడిబండ తెప్పించుకుని, బిగుసుకుపోయిన కిటికీ రెక్కలను కొట్టి కొట్టి తెరిచింది. దుప్పటి లాగి మడతపెట్టింది. డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ ఆ గదిలోనే ఒంటరిగా పడుకుంది, నోటికి గుడ్డ కట్టుకుంది, దగ్గితే డబ్బాలో ఊసి మూతపెట్టింది. వాటిలో దేనికీ ఆమె ఎదురు చెప్పలేదు. చుక్కకు మాత్రం తలవంచలేదు. అవ్వ "ఆ దగ్గు" అన్నప్పుడల్లా లోపలి నుంచి "టీబీ అను అత్తా, పేరుండాది దానికి" అని అరిచేది.

ఇతరులకు అంటుకునే దశ దాటిందని ఆసుపత్రిలో చెప్పిన మరునాటి నుంచి పొద్దున్నే వీధి అరుగు మీదికి వచ్చి ఎండలో కూర్చోవడం మొదలుపెట్టింది. అంతవరకు వీధిలో ఆడవాళ్ళు నన్నో మా అమ్మనో పక్కకు పిలిచి గుసగుసగా అడిగేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళందరినీ కేకేసింది. "ఆడ గొణుగుడెందుకు? ఈడికి రాండి, నన్నే అడగండి" అంది. వచ్చారు పాపం, కొంచెం దూరంగా నిలబడి. ఇది వంశంలో వస్తుందా, మీ ఇంటి ఆడపిల్ల పెళ్ళికి అడ్డం అవుతుందా అని ఒకావిడ అడిగింది. రంగు, ముక్కు వంశంలో వస్తాయి గాని క్రిములు రావని పెద్దమ్మ చెప్పింది. మా మనవడిని నువ్వు ఎత్తుకుంటే అంటుకుంటుందా అని ఇంకొకావిడ. మందులు సరిగ్గా పడుతున్నాయి కాబట్టి ఇప్పుడు నా వల్ల రాదు, రెండు వారాలు దాటినా తగ్గని నీ దగ్గు సంగతి ముందు చూపించుకో అని ఎదురు అంటించింది. ఆవిడ నిజంగానే వెళ్ళి పరీక్ష చేయించుకుంది, ఏమీ లేదన్నారు. అయినా పెద్దమ్మ మీద చాలాకాలం మూతి ముడుచుకుని తిరిగింది.

మాత్రలు మాత్రం ఆమెను బాగా కుదిపాయి. కడుపులో తిప్పేది. మొదటివారంలో ఒంటేలు నారింజరంగులో వస్తే అవ్వ అది నెత్తురేనని గోల పెట్టింది. మాత్రల రంగు అలా దిగుతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి పెద్దమ్మ అదరలేదు. రెండు నెలలకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. ఇక బాగున్నావు కదా, ఆ వేడి మాత్రలు చాలించరాదా అని పెదనాయన మెల్లగా అన్నాడు. ఆయన చెడుకు అనలేదు, ఆమె వాంతులు చూడలేక అన్నాడు. "కలుపు సగం పీకి వదిలేస్తే ఏమవతాదో మా నాయన్ని అడగండి. ఈ తూరి లేచిందంటే ఈ మందుకు లొంగదంట" అని ఆమె అరచేతిలో మాత్రలు పోసుకుని, గ్లాసు పైకెత్తి, ఆయన చూస్తుండగా మింగింది.

ఆరు నెలలు నిండాయి. గళ్ళలో క్రిములు లేవన్నారు, జబ్బు నయమయిందన్నారు. పెద్దమ్మ స్నానం చేసి తడిజుట్టుతో వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అవ్వ లోపలి నుంచి కదలలేదు. "మందు రోగానికి పని చేస్తాది, మడికి చెయ్యదు" అంది. పెదనాయన పంచాంగం తిరగేస్తూ కూర్చున్నాడు. తళిగ రెండు రోజుల్లో ఉంది. వంట అమ్మ చేస్తుందని, పంక్తి లేచాక పెద్దమ్మకు ఆ చుక్క కంచంలో వెనక గదికి పంపిస్తామని అవ్వ తీర్మానించింది. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవని పెద్దమ్మ ఆ మధ్యాహ్నం ఏడ్చింది. ఆమె ఏడవడం చూస్తే నాకు జబ్బు రోజుల్లో కన్నా ఎక్కువ భయం వేసింది.

శుక్రవారం సాయంత్రం అటక మీది సామాను అంతా దించి, తోమించి, పెరట్లో బోర్లించి, అవ్వ కోవెలకు వెళ్ళింది. పెద్దమ్మ నన్ను పిలిచి, "పాపా, ఆ గోళ్ళరంగు ఇంకా ఉండాదా?" అని అడిగింది. నేను అలాంటి వాటికి ఎప్పుడూ ముందుండేదాన్ని. ఇద్దరం పెరట్లో కూర్చుని కంచాలు, గ్లాసులు, గరిటెలు, పులిహోర కలిపే బేసిను, మజ్జిగ గుండిగ, అన్నిటి అడుగునా చుక్కలు పెట్టాం. అవ్వ ఒక్కతే తాగే వెండి గ్లాసును పెద్దమ్మ కాసేపు చేతిలో తిప్పి, దానికి మరీ గుండ్రంగా, అందంగా పెట్టింది. తన చుక్క కంచం, గ్లాసు కూడా తెచ్చి వాటిలో కలిపేసింది. సీసా అయిపోయింది.

తెల్లారి మడి కట్టుకుని వచ్చిన అవ్వ మొదటి గ్లాసు తిప్పింది. పక్కనపెట్టి రెండోది తిప్పింది. ఆ తరువాత వరసగా తిప్పుతూ పోయింది. చివరికి వెండి గ్లాసు తిప్పి చూసి, అలాగే నిలబడిపోయింది. "ఏం మే, దీంట్లో నీది యాది?" అంది. పెద్దమ్మ గడప ఇవతల నిలబడి చెప్పింది. "అన్నీ నావే అత్తా. ముప్పై ఏండ్లుగా తోమినాను, ఇందులో వండినాను. నాది కానిది ఏదో నువ్వే ఏరి చూపించు."

అవ్వ చేతిలోని వెండి గ్లాసులో నీళ్ళు పోసుకుంది, ఎప్పటిలాగే ఎత్తి తాగింది. గ్లాసు దించి, "చింతపులుసు ఉడికిపోతాండాది, తిరగమాత ఎప్పుడు ఎయ్యాలని?" అంది, ఎవరి వైపూ చూడకుండా. పెద్దమ్మ గడప దాటింది.

కథ అక్కడితో అయిపోలేదు. పంక్తిలో ఆకులు వేశాక, పులిహోర బేసినుతో పెద్దమ్మ రావడం చూసి చిత్తూరు నుంచి వచ్చిన ఒక చుట్టం తన భార్య చెవిలో ఏదో అన్నాడు. పెద్దమ్మకు ఆ పాత గొంతు పూర్తిగా తిరిగి వచ్చిందని మాకు అప్పుడే తెలిసింది. "నాకు టీబీ వచ్చినాది, మందు మింగినాను, పోయినాది. వడ్డించేదా, వద్దా?" అని పంక్తి మొత్తాన్నీ అడిగింది. ఆ భార్యాభర్తలు లేచి వెళ్ళిపోయారు. అందరూ అవ్వ వైపు చూశారు. ఎంగిలి పట్టింపులో ఆ చుట్టం ఆమె శిష్యుడే. అవ్వ ఖాళీ అయిన ఆకుల వైపు చూసి, "రెండు ఆకులు మిగిలినాయి, నువ్వు ఒక దాంట్లో కూర్చో మే. వడ్డన నేను సూస్తా" అంది. పెద్దమ్మ కూర్చోలేదు. వడ్డన వదులుకునే మనిషా ఆమె? చివరి ఆకు దాకా తానే వడ్డించి, ఆ తరువాత అవ్వ పక్కన కూర్చుని తిన్నది. ఆ చుట్టాలు మళ్ళీ మా ఇంటికి రాలేదు. మేమూ పిలవలేదు.

అవ్వ పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు నేను అడిగి తీసుకున్నది ఒక్క గ్లాసు. పెద్దమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అలిపిరి నుంచి కొండకు నడిచే వెళ్తుంది, దారిలో ఆయాసపడే కుర్రవాళ్ళను ఆటపట్టిస్తుంది.

ఎదురు ఫ్లాటు ఆవిడ కాఫీ తాగడం పూర్తిచేసింది, చక్కగా అంచు పెదవికి ఆనించుకునే. గ్లాసు అడుగు చూడమన్నాను. చుక్క చూసి ఇదేమిటని అడిగితే, టీబీ వచ్చిన మా పెద్దమ్మ గ్లాసు అని చెప్పాను. ఆవిడ మొహంలో రంగులు మారడం నేను తీరిగ్గా చూశాను, అబద్ధమెందుకు, ఆనందంగానే చూశాను. ఆ తరువాత కూర్చోబెట్టి, గ్లాసు సంగతి మరిచిపోయి వంటింటి కిటికీ తెరిచి ఉంచమని, ఆ అమ్మాయి మాత్రలు ఆపకుండా చూసుకోమని చెప్పాను. వెళ్ళేటప్పుడు ఆవిడ, ఇన్నేళ్ళయినా ఆ చుక్క చెరిగిపోలేదే అని ఆశ్చర్యపోయింది. ఎందుకు చెరగదు? కాలం దాన్ని తోముతూనే ఉంది. చెరిగినప్పుడల్లా నేనే మళ్ళీ పెడుతున్నాను.