దొరగారి కేక

గుడివాడలో నాకు మైకు సెట్ల షాపు ఉంది. ముప్పై ఏళ్లు దాటింది పెట్టి. పెళ్లిళ్లకి, నవమి పందిళ్లకి, ఓట్ల మీటింగులకి దివిసీమ చివర దాకా వెళ్లి సెట్లు కట్టాను. ఎక్కడ కట్టినా భక్తి పాట వేసే ముందు ఒక ఇంగ్లీషు పాటలోంచి అర నిమిషం ముక్క వేసేవాణ్ణి. అందులో ఒక రాక్ గాయకుడు గొంతు చించుకుని పైకి, ఇంకా పైకి వెళ్లి ఒక కేక పెడతాడు. ఆ కేక పగలకుండా వస్తే మైకు హారన్లు బాగున్నట్టు. జనం దానికి దొరగారి కేక అని పేరు పెట్టారు. "దొరగారు అరిచేశాడు, మైకొచ్చేసింది, పదండి పదండి" అంటూ పిల్లలకి జడలు వేసేవారట.

ఆ క్యాసెట్టు మా మావయ్య తెచ్చాడు. ఓడ మీద పనిచేసేవాడాయన. నేను అప్పుడు బందరులో కాలేజీ చదువుతున్నాను, అంటే చదువుతున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. మధ్యాహ్నాలు మేడ మీద గదిలో చాప వేసుకుని, కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంటే, సగం నిద్రలో ఆ పాటలు వినేవాణ్ణి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ కేక వచ్చినప్పుడు మాత్రం చాప నేల మీంచి జానెడు లేచినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వుతారని.

మా ఆవిడ కూడా నాకు మొదట గొంతుగానే తెలుసు. కృష్ణ ఒడ్డున ఉన్న మా జిల్లా శ్రీకాకుళంలో బడి వార్షికోత్సవానికి సెట్టు కట్టాను. కొత్తగా వచ్చిన టీచరు ప్రార్థన పాడింది. నేను తెర వెనక యాంప్లిఫయర్ దగ్గర ఉన్నాను, మనిషి కనపడలేదు. సన్నటి గొంతు, బాగా పైన ఉంది. పై శబ్దాలు తేలేలా ట్రెబుల్ కొంచెం పెంచాను. పందిరి మీదుగా, గుడి మీదుగా, నది మీదుగా ఆ గొంతు వెళ్తుంటే నేను నాబ్ మీద చెయ్యి తీయడం మర్చిపోయాను. మొహం చూసేసరికే నేను ఆవిడ వాణ్ణి అయిపోయాను.

ఓ మూడేళ్ల కిందట ఫోన్లో ఆ గాయకుడి కొత్త ఆల్బమ్ కనపడింది. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. భోజనం చేసి, షాపు షట్టరు సగం దించి, పెద్ద బాక్సుకి కలిపి ప్రేమగా కూర్చున్నాను. కేక లేదు. మొదటి పాటలో లేదు, రెండో పాటలో లేదు, అసలు ఎక్కడా లేదు. నెమ్మదిగా, కింద కింద, ఈడ్చుకుంటూ పాడాడు. దాన్ని బ్లూస్ అంటారట, పత్తి చేలల్లో కూలీలు పాడుకున్న పాటల్లోంచి పుట్టిందట. ఒక మాట అంటాడు. అదే మాట మళ్లీ అంటాడు. మూడోసారి వేరే మాట ఏదో అని వదిలేస్తాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను జానెడు లేపిన మనిషి నేల మీద కూర్చుని గొణుగుతున్నాడు. ముసలాడైపోయాడని తిట్టుకుని కట్టేశాను.

ఆ రోజుల్లోనే నా సెట్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఏంటి గురువుగారూ, చెవులు గీసుకుపోతున్నాయి" అనేవారు. నాకేమో మోత మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినపడేది. ఈ కొత్త బాక్సులు ఇంతే అనుకుని ట్రెబుల్ ఇంకాస్త తిప్పేవాణ్ణి. ఇంట్లోనూ ఏదో తేడాగా ఉండేది.

"ఏవండీ, కొబ్బరికాయ తెచ్చారా?"

"ఏంటీ?"

"కొబ్బరికాయ తెచ్చారా?"

"ఆఁ? ఏంటీ?"

"ఏం లేదులెండి."

ఆ మూడో మాట మాత్రం మొహం చూస్తే తెలిసిపోయేది. నేను కావాలనే వినడం లేదని మా ఆవిడ అనుకునేది. ఆవిడే ఈ మధ్య గొణుగుతోందని నేననుకునేవాణ్ణి.

నాగాయలంకలో ఒక పెళ్లి. పంతులుగారి ముందు మైకు పెట్టి, పక్కకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి పెళ్లికూతురు చెవులు మూసుకుంది. పంతులుగారు మంత్రం ఆపేశారు. వరసగా అందరూ చెవులు మూసుకున్నారు, ఒక ముసలావిడ పసిపిల్లాడి చెవులు కూడా మూసింది. నాకు అంతా ప్రశాంతంగా ఉంది. కలలో జనం ఏదో చేస్తుంటే చూస్తామే, అలా చిరునవ్వుతో చూస్తున్నాను. పెళ్లికూతురి నాన్నగారు పరుగెత్తుకొచ్చారు.

"ఏవండీ, ఆ కూత ఆపండి మహాప్రభో!"

"ఏ కూతండీ?" అన్నాను.

మైకు బాక్సుకి ఎదురుపడి కీచుమని కూస్తోంది. నాలుగు వందల మందికి వినపడింది, సెట్టు కట్టినవాడికి వినపడలేదు. ఆ పూట నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

బందరు వెళ్లి చెవి డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆయన కాగితం మీద ఒక గీత చూపించారు. సగం దాకా బాగానే వచ్చి, అక్కణ్ణుంచి పడిపోయింది. "పై శబ్దాలు పోయాయండీ. కిందివి బాగానే ఉన్నాయి. ఇన్నేళ్లు హారన్ల పక్కన నిలబడ్డారు కదా" అన్నారు. పిట్టలు, సైకిల్ బెల్లు, సన్నటి ఆడ గొంతులు కష్టమన్నారు. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, మాట తెలియదట. మిషను పెట్టుకుంటే కొంత నయం గానీ పాత గొంతు పాతలా రాదన్నారు. నేను అడిగింది ఒక్క గొంతు గురించే. ఆయనకది తెలియదు.

తిరిగి వస్తూ వ్యాన్లో, ఫోనులో దొరగారి కేక పెట్టాను. గిటారు వచ్చింది, డ్రమ్ము వచ్చింది. కేక రావలసిన చోట ఎవరో గోడ అవతల అరుస్తున్నట్టు ఏదో ఉంది, దానికి కొస లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ లేదు. నేను ఆపకపోయేసరికి ఫోను దానంతటదే ఆయన ముసలి ఆల్బమ్‌లోకి వెళ్లిపోయింది.

అది మొత్తం వినపడింది. లావు తీగ మోగడం, కాలితో తాళం వేయడం, ముక్క ముక్కకీ మధ్య ఊపిరి తీసుకోవడం, అన్నీ. కాలవ గట్టు మీద బండి ఆపేశాను. ఎదురుగా నీళ్ల మీద గుర్రపుడెక్క మెల్లగా కదిలిపోతోంది, కొంగలు చప్పుడు లేకుండా లేస్తున్నాయి. ఈయన కేక కూడా పోయింది కాబోలు. పోయిందని ఊరుకోకుండా, మిగిలిన కింది గొంతుతో పాడాడు. నేను తిట్టి కట్టేశాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మిషను కొంటే ఆవిడకి తెలిసిపోతుందని కొనలేదు. డాక్టరు కాగితం డ్యాష్‌బోర్డులో దాచాను. నేను పొగరుగా వినడం లేదని ఆవిడ అనుకున్నా ఫర్వాలేదు, నీ గొంతు నాకు అందడం లేదని మాత్రం చెప్పలేకపోయాను. అలా చాలా నెలలు గడిచాయి. ఆవిడ నాతో మాట్లాడ్డం తగ్గించింది. ఆ తగ్గడం నాకు బాగా వినపడింది.

ఈ చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే "పాలకాయతిప్ప వెళ్దాం, రా" అన్నాను. ఆవిడ శాలువా కప్పుకుని వ్యాను ఎక్కింది. అక్కడ పలచగా మంచు ఉంది. కృష్ణ ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. దూరంగా వల లాగుతున్నారు, ఒకడు పాట అందిస్తుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. వాళ్ల పాట నాకు అందింది. వ్యాను వెనక తలుపు తీసి, బాక్సులో ఆ ఆల్బమ్ చిన్నగా పెట్టాను.

ఆవిడ కాసేపు విని నా వైపు తిరిగింది. పెదాల కదలిక బట్టి "దొరగారేనా? అరవడేం?" అన్నట్టు తోచింది.

"ఇంక అరవలేడు" అన్నాను. ఆవిడ అరచెయ్యి తీసుకుని బాక్సు మీద పెట్టాను. లావు తీగ మోగినప్పుడల్లా ఆవిడ గాజులు వణికాయి. కాగితం తీసి ఇచ్చాను. ఆ గీత చూపించి, నీ గొంతు ఇక్కడుంటుంది, నా చెవి ఇక్కడ ఆగిపోయింది అన్నాను.

ఆవిడ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత నా భుజం దగ్గరికి వచ్చి, ఎన్నడూ వినని కింది గొంతుతో, గుండెల్లోంచి, నెమ్మదిగా అంది.

"ఇలా మాట్లాడితే వినపడుద్దా?"

వినపడింది. ప్రతి అక్షరం వినపడింది.

"ఏంటీ?" అన్నాను.

ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగి, అదే మాట మళ్లీ అంది.