అరుణకుమారి టీచరు అడిగిన వీడియో

ఆళ్లగడ్డలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్న అరుణకుమారి టీచరు ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. అలాంటి మనిషి వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కనబడ్డవాళ్లందరినీ అడుగుతోంది. ఏమని? తన ముఖం అతికించిన ఆ పాడు వీడియో మీ దగ్గరుందా అని!

ఎవడో కంప్యూటరుతో చేశాడు. ముఖం ఆమెది, ఒళ్లు ఎవరిదో. తోటి టీచరు సుప్రజ ఏడుస్తూ పంపితే, అరుణకుమారి నాలుగు క్షణాలు చూసి తుడిపేసింది. సుప్రజా తుడిపేసింది. అదే తప్పయింది.

నంద్యాలలో ఇలాంటి కేసులు చూసే ఎస్సై షాలిని మంచిపిల్లే. "చట్టం గట్టిగుంది మేడమ్. చేసినోణ్ని లోపలేయొచ్చు, నెట్‌లోంచి బేగా తీయించొచ్చు. కానీ వీడియో యాడుంది? అదుంటేనే ఎవరు పంపినారో పట్టుకుంటా పోతాం," అంది.

ఊరంతా చూసిన వీడియో ఊళ్లో ఎవరి దగ్గరా లేదు! "అయ్యో, మేం అట్లాంటివి చూడం టీచర్," అన్నారు చర్చిలో. స్టాఫ్‌రూములో తలలు పుస్తకాల్లో దూరాయి. చాటున మాత్రం నిప్పు లేందే పొగ రాదన్నారట. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి ఏదీ?

ఫోను టింగుమంటే చాలు, ఆమె దాన్ని బోర్లా తిప్పేసేది. ఒక్కటే ధైర్యం, భర్త జీవన్ కుమార్. "నేను చూడను. నిన్ను నేనెరగనా?" అన్నాడు మొదటిరోజే. ఆ మాట పట్టుకునే ఆమె బడికి పోగలుగుతోంది.

శనివారం మళ్లీ నంద్యాల బస్సుకు బయలుదేరుతుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉత్త చేతుల్తో యాడికి పోతాండావ్?" అని తన ఫోను చాచాడు. "ఈడుంది. మా మిల్లు గ్రూపులో వచ్చింది. పంపినోని పేరూ ఉంది."

"చూడనంటివే?"

అతను ఫోను ఇంకాస్త ముందుకు జరిపాడు.

"ఎన్నిసార్లు చూసినావ్?"

"నువ్వు కాదని నమ్మకం కుదిరేదాంక."

ఆమె ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. అయినా ఫోను తీసుకుంది. వేరే దారేముంది?

నంద్యాలలో షాలిని ముఖం వెలిగింది. "అదృష్టం మేడమ్! మీ సారు తుడపకుండా దాచిపెట్టినాడు. ఇంక వాడు తప్పించుకోలేడు."

"మా సారు మీద పెట్టేదానికి ఏమన్నా చట్టముందామ్మా?" అంది అరుణకుమారి.

ఎస్సైకి అర్థం కాలేదు. "ఈడ సంతకం పెట్టండి," అంది. అరుణకుమారి పెట్టింది.