రెండు బందుల పీట

మా ఆఫీసు బస్సు డ్రైవరన్న మొన్న మంగళవారం పోయాడు. గుండెపోటు. గచ్చిబౌలి స్టాపులో ఒక్క నిమిషం ముందు కూడా బస్సు కదిలించని మనిషి, ఈ ఒక్క ప్రయాణానికి ఎందుకంత తొందరపడ్డాడో సంజాయిషీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

ఆయన వారమంతా డ్రైవరు, బంద్ రోజున వడ్రంగి. తెలంగాణ ఉద్యమం పుణ్యమా అని ఆ రెండో కొలువుకు పనిదినాల కొదవ లేదు. బస్సు తిరగని రోజు కాంట్రాక్టరు జీతం కోసేవాడు. అన్న కొండాపూర్‌లో తన గది ముందు కూర్చుని, టేకు ముక్కలు చిత్రిక పట్టి చపాతీ పీటలు చేసేవాడు. ధర కట్టే పద్ధతీ ఆయనదే: చెక్క ఖర్చు, దానికి తోడు పీట చేయడానికి ఎన్ని బందులు పడితే అన్ని రోజుల జీతం.

"ఇది రెండు బందుల పీట తమ్మీ. తెలంగాణ వచ్చేదాంక గిదే రేటు."

"వచ్చాక తగ్గిస్తావా అన్నా?"

"వచ్చినంక బందులుండయ్ గద. ఇగ పీటలే దొరకయ్. జల్ది కొనుక్కో."

ఆయన చేసిన ఏడు పీటలు ఆఫీసులో అమ్మిపెట్టే భారం నేను తలకెత్తుకున్నాను. ఎంబీయే చదివిన బుర్ర కదా, 'మన పేద డ్రైవరుకు సాయం చేయండి' అని అందరికీ మెయిల్ పెట్టాను. భోజనాల వేళకు ఏడు పీటలూ అమ్ముడుపోయాయి. సాయంత్రం విజయగర్వంతో బస్సెక్కి అన్న చేతిలో డబ్బు పెట్టాను. నా వెనకాలే ఎక్కిన ఆఫీసాయన ఉన్న మాట అనేశాడు.

"మీకు సాయంగా ఉంటుందని నేనూ రెండు తీసుకున్నానండి."

అన్న చివరి స్టాపులో ఆ డబ్బు నా జేబులోనే తిరిగి పెట్టాడు.

"నేను సాయమడిగిననా? పీట మంచిగున్నదని ఒక్క మాట రాయనీకి నీకేమాయె? దాని మీద ఒక్క చపాతీ జేసి చూసినవా?"

చేయలేదు. మర్నాడు పొద్దున, నేను కొని మూలన పెట్టిన పీట మీద చేశాను. చపాతీ గుండ్రంగా రాలేదు గానీ పీట మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఆ సంగతే అందరికీ మళ్లీ మెయిల్ రాసి, సాయానికని కొన్నవాళ్లు వెనక్కి ఇచ్చేయవచ్చన్నాను. నాలుగు తిరిగొచ్చాయి. తలదించుకుని చెప్పాను. అన్న స్టీరింగు మీద దరువేశాడు.

"అంటే మూడు అమ్మినం తమ్మీ!"

నిన్న ఆయన ఇంటికి వెళ్లాను. వదిన ఎదుట చాప మీద కూర్చున్నాను. అంతలో మా ఆఫీసు ఆవిడ ఒకరు స్కూటీ దిగారు. బస్సెక్కని మనిషి, కబురు తెలియదు.

"డ్రైవరు గారున్నారా అండీ? మా పీట చూసి మా అక్క తనకూ అలాంటిదే కావాలంటోంది."

దండ వేసిన ఫొటో చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు. వదిన కొంగుతో కళ్లొత్తుకుని లేచింది.

"లోపల రెండున్నయమ్మా. మీ అక్కకు గింతదా, గింతదా?"

రెండు చేతులూ ముందు దగ్గరగా, తర్వాత ఎడంగా చాపి, జవాబు కోసం అలాగే పట్టుకుని నిలబడింది.