బాపు గీతకూ బా గీతకూ మధ్య

గొంతు తగ్గించి మాట్లాడటం కూడా ఒక విద్యేనని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సూరత్‌లో మగ్గాల మధ్య బతికిన మా బోటి తెలుగు కుటుంబాలన్నిటిదీ ఇంచుమించు ఇదే సంగతి. ఉప్పు అందుకోమన్నా, ఊరి నుంచి చావు కబురు వచ్చిందన్నా ఒకే స్థాయిలో అరుస్తాం. ఏళ్ళ తరబడి పవర్‌లూమ్ షెడ్డులో నిలబడిన మనిషి ఇంటికొచ్చి గుసగుసలాడాలంటే ఎలా కుదురుతుంది? ఇప్పుడు నా దగ్గర చీరల డిజైన్లు వేసే పిల్లలు "మేడమ్, మేం పక్క కుర్చీలోనే ఉన్నాం" అని నవ్వుతుంటే నాకు మా నవాగామ్ గది గుర్తొస్తుంది. ఆ గదిలో ఇనప బీరువా, దాని నెత్తిన రెండు స్పీకర్లు, వాటి నోరు కట్టడానికి పందొమ్మిదేళ్ళ వయసులో నేను వెలగబెట్టిన ఇంజనీరింగు కూడా గుర్తొస్తాయి.

అప్పటికి నేను లింబాయత్‌లో ఒక ఇరుకు గదిలో కంప్యూటర్ మీద చీరల డిజైను నేర్చుకుని, ఇంట్లోనే ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని కొంగులూ అంచులూ గీస్తున్నాను. ఆ కంప్యూటర్‌తో పాటే స్పీకర్లు వచ్చాయి. గోడ ప్లగ్గులో పెట్టి నడిపేవి, సైజుకు మించిన నోరున్నవి. మాకున్న ఒక్క బల్ల మీద సగం నా తెర, సగం అమ్మ సామ్రాజ్యం (చీరలకు మెరిసే రాళ్ళు అతికించే పని ఆమెది, జిగురు గిన్నె పక్కన ఊపిరి పీల్చాలన్నా అనుమతి కావాలి). అందుకని స్పీకర్లు బీరువా ఎక్కాయి. వాటి వాల్యూమ్ నాబ్ వెనక వైపు ఉంది. చప్పుడు తగ్గించాలంటే స్టూలెక్కి, బీరువాకూ గోడకూ మధ్య చెయ్యి దూర్చి, బల్లులకు క్షమాపణ చెప్పుకుంటూ తడుముకోవాలి. తెర మూలన చిన్న బొమ్మ నొక్కితే సరిపోదా అని మీరు అడుగుతారు. నాకు సరిపోతుంది. మా బాపుకు, అంటే నాన్నకు, కాదు. ఒకసారి ఆయన మౌసును మగ్గం పిడి పట్టినట్టు పట్టి నొక్కిన నొక్కుడికి, ఇంకా సేవ్ చేసుకోని నా కొంగు డిజైను గంగలో కలిసింది. ఆనాటి నుంచి బాపుకు మౌసు నిషిద్ధం.

బాపుకు వారమంతటికీ ఉన్న ఒకే ఒక్క సరదా ఆదివారం మధ్యాహ్నం ఒగ్గు కథ. తిన్నాక పలక మంచం బీరువా దగ్గరికి జరుపుకుని, వీపు ఆనించి, అరచెయ్యి బీరువా తలుపు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. డోలు దెబ్బకు గిన్నెలు కదిలేంత చప్పుడుండాలి. సరిగ్గా అదే సమయంలో కింద మా ఇంటి యజమానురాలు 'బా' కునుకు తీసేది. బా అంటే గుజరాతీలో పెద్దామె. తెల్లచీర, సన్నటి మనిషి, గొంతు మాత్రం మిల్లు సైరను. మొదట బట్టలారేసే కర్రతో తన గది కప్పును పొడిచేది. తర్వాత మెట్ల కింద నుంచి "అవాజ్ ఓఛో కరో!" అని అరిచేది. చప్పుడు తగ్గించమని. ఒక ఆదివారం ఏకంగా పైకొచ్చి, గుమ్మంలో నిలబడి, నాలుగు ముక్కల్లో తేల్చేసింది. వచ్చే ఆదివారం కూడా తన నిద్ర చెడితే గది ఖాళీ చేయాల్సిందే.

అమ్మ ముఖం పాలిపోయింది. ఆ గదికి కిటికీ ఉంది. వినేవాళ్ళకు ఇదేం గొప్ప అనిపించవచ్చు గానీ, నవాగామ్‌లో మాకు అందే అద్దెకు కిటికీ ఉన్న గది అంటే మాటలు కాదు. ఆ వెలుతురు పోతే రాళ్ళు అతికించే పని పోయినట్టే. "జర మెల్లగ పెట్టుకోరాదూ? గది పోతే ఏడికి పోదాం?" అని అమ్మ అడిగితే, బాపు "మెల్లగనే ఉన్నది గదనే! ఇంకెంత మెల్లగ?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. అది మొండితనం అనుకున్నాం. మగవాళ్ళకు ఆదివారం అంత మొండితనం మామూలే కదా.

నాబ్ చేతికి అందితే మొండితనం దిగుతుందని నా సిద్ధాంతం. కంప్యూటర్‌కూ స్పీకర్లకూ మధ్య తీగను కోసి అక్కడొక నాబ్ పెడితే, బాపు మంచం మీదే కూర్చుని తగ్గించుకోవచ్చు. ఉధ్నా స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. (దుకాణంలో ఎప్పుడూ ఏదో ఒక ఫ్యూజు ఎగిరిపోతుండేది కాబట్టి మాకందరికీ ఫ్యూజ్ కాకా.) సంగతి చెబితే, డబ్బాలు వెతికి చిన్న నాబ్ భాగం ఒకటి తీసి, "దో మంజిలా లేనా, బేటీ" అన్నాడు. రెండంతస్తులదే తీసుకోవాలట. ఎడమ స్పీకరుకు ఒక అంతస్తు, కుడి స్పీకరుకు ఇంకొకటి, తిప్పే కాడ మాత్రం ఒక్కటే. ఒక్కో అంతస్తుకూ మూడేసి కాళ్ళు. ఏ తీగ ఏ కాలికి అతకాలో ఒక అంతస్తు అతికి చూపించాడు. "రెండోది కూడా?" అని ఆయన అడిగేలోపే "ఆ, తెలిసింది కాకా" అని వచ్చేశాను. పందొమ్మిదేళ్ళకు తెలియనిది ఏముంటుంది?

బాపు జర్దా డబ్బాకు కంత పెట్టి నాబ్ బిగించాను. కాడకు తొడగడానికి షెడ్డు నుంచి తెచ్చిన, దారం చుట్టే ప్లాస్టిక్ బాబిన్ ముక్క భేషుగ్గా సరిపోయింది. ఇక రెండో అంతస్తు. చీర డిజైను వేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఎడమ అంచు గీస్తాం, కుడి అంచు మళ్ళీ గీయం. ఎడమదాన్నే అద్దంలో చూపినట్టు తిరగేస్తాం. అదే మా పని, అదే మా కూడు. నా చెయ్యి ఆ అలవాటు ప్రకారమే పోయింది. కాకా అతికిన మొదటి అంతస్తును చూసి, రెండోదాన్ని దానికి ఎదురుబొదురుగా, నెమలికి ఎదురు నెమలిలా, ముచ్చటగా తిరగేసి అతికాను. చూడ్డానికి ఎంత బాగుందో! శనివారం సాయంత్రం ఒగ్గు కథ పెట్టి బాబిన్ తిప్పాను. కథకుడు ఎడమ స్పీకరులో సన్నబడుతూ కుడి స్పీకరులో గట్టిపడ్డాడు. ఇటు తిప్పితే ఇటొచ్చాడు. చప్పుడు మాత్రం రవ్వంత తగ్గలేదు. అమ్మ చేతిలో రాయి పట్టుకుని అటూ ఇటూ మెడ తిప్పి చూసి, "గిదేందే, గాయన గిటు నుంచి గటు నడుస్తుండు? కాళ్ళు నొయ్యవా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తప్పు తెలిశాక విప్పి, నెమళ్ళు రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పి అతికాను.

ఆదివారం వచ్చింది. డబ్బా బాపు చేతిలో పెట్టాను. "మా బిడ్డ చేసింది!" అని మురిసిపోయి, నలుదిక్కులా తిప్పి చూసి, పోయిన జర్దా డబ్బాను కూడా క్షమించేశాడు. తర్వాత బీరువాకు ఆనుకుని, అరచెయ్యి తలుపు మీద పెట్టి, బాబిన్‌ను మెల్లగా తిప్పుతూ, తిప్పుతూ, చివరిదాకా తిప్పి, "ఆ! గిప్పుడు మంచిగుంది" అని కళ్ళు మూసుకున్నాడు. గిన్నెలు కదిలాయి. కింద కర్ర మోగింది. తర్వాత మెట్ల మీద అడుగులు. నా ఇంజనీరింగు వల్ల జరిగిందల్లా ఏమిటంటే, అంతకు ముందు స్టూలెక్కి చేయాల్సిన తప్పు ఇప్పుడు కూర్చునే చేయవచ్చు.

బా తలుపు బాదింది. బాపు కదల్లేదు. నేను మంచం మీది డబ్బా అందుకుని, బాబిన్‌ను మామూలు స్థాయికి తగ్గించి తలుపు తీశాను. మామూలు అంటే, రేడియో పెట్టుకుని వంట చేసుకునేంత. కథకుడి ప్రతి మాటా నాకు స్పష్టంగా వినిపిస్తోంది. అమ్మకూ వినిపిస్తోంది. తెలుగు ముక్క రాని బాకూ వినిపిస్తోంది. బాపు కళ్ళు తెరిచి, బీరువా తలుపును అరచేత్తో ఒకసారి తడిమి, "ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా? కరెంట్ పోయిందా?" అన్నాడు.

కథకుడు మాత్రం చెబుతూనే ఉన్నాడు. నాకు అప్పుడు తెలిసింది. షెడ్డులో ఆ రొదలో మగ్గం బాగా నడుస్తోందో లేదో ఎవరూ చెవితో వినరు. దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి అదురు చూస్తారు. బాపు ఆదివారాలు ఒగ్గు కథను అలాగే వింటున్నాడు. ఇనప రేకు అదిరితే కథ నడుస్తున్నట్టు, అదరకపోతే ఆగినట్టు. మిగతా మాటలన్నీ చిన్నప్పుడు విన్నవే, లోపల ఉన్నవే. "బాపూ, కథ నడుస్తనే ఉన్నది" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. "ఇనబడ్తది నాకు. మీరే నోట్ల నోట్ల మాట్లాడ్తరు" అని తల దించుకున్నాడు.

బా గుమ్మంలోనే ఉంది. గది ఖాళీ మాట అనడానికి తెరిచిన నోరు మూసేసింది. నా వైపు తిరిగి, బీరువా మీద ఎందుకు పెట్టావు, చేతి కింద పెట్టు అన్నట్టు సైగ చేసింది. నేను స్టూలెక్కి ఒక స్పీకరు దింపి మంచం పలక మీద, సరిగ్గా ఆయన అరచేతి కింద పెట్టాను. బా "నేను కిందికి పోతా, నువ్వు తిప్పుతూ ఉండు, నాకు వినపడగానే కర్రతో కొడతా" అని తన హిందీలో చెప్పి, కొంగు దోపుకుని దిగిపోయింది. బాబిన్ ఒక్కో పిసరు తిప్పాను. ఒకచోట బాపు ముఖం విచ్చుకుంది. "వచ్చిండు!" అన్నాడు. అక్కడ డబ్బా మీద అమ్మ గోళ్ళ రంగుతో గీత పెట్టింది. ఇంకాస్త తిప్పాక కింద కర్ర మోగింది. అక్కడ ఇంకో గీత. బాపు గీతకూ బా గీతకూ మధ్య ఒక రాగి గింజ పట్టేంత జాగా మిగిలింది. ఆ జాగాలోనే మా కుటుంబం ఇన్నేళ్ళూ, కిటికీ వెలుతురుతో సహా, బతికింది.

ఏళ్ళు గడిచేకొద్దీ బాపు గీత పైకి జరుగుతూ వచ్చింది. రెండూ ఎప్పుడు కలుస్తాయోనని నాకు గుబులుగా ఉండేది. కలవలేదు. బా గీత కూడా జరుగుతోందని నేను గమనించుకోలేదు. (చెవి మిషన్ కొనిచ్చాను గానీ, బాపు దాన్ని చేతి గడియారంలా పెళ్ళిళ్ళకే పెట్టుకుంటాడు.) అదే గదిలో, ఇటీవల ఒక ఆదివారం బాబిన్ చివరిదాకా తిప్పేసినా కింద నుంచి కర్ర మోగలేదు. మెట్లు రెండేసి దిగి పరుగెత్తాను. బా నిక్షేపంగా ఉయ్యాలబల్ల మీద కూర్చుని, పైకప్పు వైపు చూస్తోంది. నన్ను చూడగానే "ఆజ్ వార్తా కేమ్ నథీ?" అని నిలదీసింది. ఇవాళ కథ ఎందుకు పెట్టలేదట.

బీరువా మీద మిగిలిన రెండో స్పీకరును దింపి, పొడుగాటి తీగ కట్టి, మా కిటికీలోంచి ఆమె కిటికీలోకి వదిలాను. ఉయ్యాలబల్ల మీద, ఆమె చెయ్యి ఆనేచోట పెట్టాను. పైకొచ్చేసరికి అమ్మ కిటికీ లోంచి తీగను చూస్తూ, "గాయన అప్పుడు గిటు నుంచి గటు నడిచిండు, గిప్పుడు మీదికీ కిందికీ తిరుగుతుండు" అంది. నేను పడీ పడీ నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను. చప్పుడు తగ్గించడానికే నాబ్ అనుకున్న ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురైతే ఒక మాట చెప్పాలని ఉంది. చెప్పినా గట్టిగానే చెప్పాలి. మా ఇంటి పిల్ల కదా, మెల్లగా చెబితే వినదు.