గుడారానికీ ఒక వంతు

మధ్యాహ్నం మూడింటికి మిర్యాలగూడ నుంచి వచ్చిన ట్రక్కు మమ్మల్ని కృష్ణ ఒడ్డున గట్టు మీద దింపింది. 1965 సెప్టెంబరు, ముసురు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. కాలువ తవ్వకానికి తెచ్చిన మందుగుండు ఆ గట్టు మీద రేకుల కొట్టులో ఉంది. దానికి కాపలా మా పని. ఆరుగురం, ఒక గుడారం, ఒక వైర్‌లెస్ సెట్టు. హవల్దారు పంజాబీ. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, మాది గరిడేపల్లి.

గట్టు కింద చెంచుల గుడిసెలు తొమ్మిది. వాళ్లు చేపలు పట్టే మడుగు సరిగ్గా మా కొట్టు దిగువన ఉంది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సెట్టులో ఆర్డరు వచ్చింది. మడుగు వైపు ఎవరినీ రానివ్వకూడదు. చెప్పిరమ్మని హవల్దారు నన్ను పంపాడు.

గూడెం పెద్ద గురవయ్య వల అల్లుతున్నాడు. నా మాట విని వల పక్కన పెట్టాడు.

"ఎన్నొద్దులు సారూ?"

"లడాయి ఖతమయ్యేదాక."

"గదెప్పుడైతది?"

తెలియదన్నాను.

కృష్ణ పొంగుతోంది, ఇంకెక్కడా వల నిలవదు. మగవాళ్లు వానలోనే గుట్టల మీదికి వేటకు పోయారు. నాలుగు రోజులు వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఐదో రోజు ఒక ఉడుము దొరికింది. గురవయ్య భార్య ఈదమ్మ మోదుగాకులు పరిచి మాంసం కుప్పలు పెట్టింది. వేటకు పోయినవాళ్లకూ, కాలు విరిగి ఇంట్లో పడుకున్నవాడికీ ఒకటే కొలత. ఆమె కోడలికి కాన్పయి నెల. ప్రతి ఇంటివాళ్లూ తమ కుప్పలోంచి ఒక ముక్క తీసి ఆ బాలింత ఆకులో వేశారు. పదో ఆకు ఈదమ్మ నా చేతికిచ్చింది.

"మాకు రేషన్ ఉన్నది అవ్వా."

"ఉంటే ఉండనీ. గీడ మీ పొయ్యి గూడ మండుతున్నది గద బిడ్డా."

హవల్దారు దాన్ని ముట్టలేదు. వాళ్లకు కొంచెం పిండి ఇద్దామంటే, ఆరుగురి రేషన్ ఆరుగురికే అన్నాడు.

తొమ్మిదో రోజు నా వంతు చపాతీలు నాలుగు చొక్కాలో దాచి తీసుకుపోయాను. ఈదమ్మ తన కోడలికి రెండు పెట్టి, మిగిలిన రెండూ ఇంటింటికీ తుంచింది. ఒక తునక నాకు అందించింది.

"నువ్వు దినకుంటే మాకెట్ల దిగుతది?"

తిన్నాను.

కోడలికి పాలు ఎండిపోయాయి. పన్నెండో రోజు పొద్దున గురవయ్య గట్టెక్కి వచ్చి పార అడిగాడు.

"దేనికి తాతా?"

"పసిది పోయింది. గొయ్యి తవ్వాలె."

ఇచ్చాను. అతను మడుగు వైపు ఒకసారి చూసి దిగిపోయాడు. పార కడిగి తెచ్చిచ్చాడు.

రెండు రోజులకు కాల్పులు ఆగాయని సెట్టులో చెప్పారు. మడుగు వదిలేశాం. ఆ సాయంత్రమే చేపలు పడ్డాయి. గుడారానికి మళ్లీ ఒక ఆకు వచ్చింది. ఈసారి హవల్దారు తలవంచుకొని తిన్నాడు.

ఇంకో నాలుగు రోజులకు మమ్మల్ని తీసుకుపోవడానికి ట్రక్కు వచ్చింది. నాకు వారం సెలవిచ్చారు, ఇంటికి వచ్చాను.

ఇప్పటికీ సూర్యాపేటలోనో కోదాడలోనో ఎవరో ఒకరు అడుగుతారు, లడాయిల ఏం సూసినవని. సరిహద్దు నేను చూడనే లేదంటాను. చూసినది చెప్పను. ట్రక్కు గట్టు దిగుతుంటే దారి పక్కన చిన్న మట్టికుప్ప. దాని ముందు గురవయ్య కోడలు మోకాళ్ల మీద కూర్చుంది. నాలుగు రోజుల తిండికి ఆమెకు మళ్లీ పాలు పడ్డాయి. రెండు చేతులతో ఆ పాలు మట్టి మీద పిండుతోంది.